వాన వెలిశాక వెళ్దాంలే

సాయంత్రం 5.40. రవీంద్రభారతిలో నాటకం 6.30కి. మేం నలుగురం లక్డీకాపూల్ దగ్గర ఓ ఇరానీ హోటల్లో, గుమ్మం పక్క టేబుల్ పట్టుకుని కూర్చున్నాం. తెరిపి ఇస్తే పది నిమిషాల నడక. బయట మాత్రం రోడ్డవతలి మందుల షాపు బోర్డు కూడా ఆనడం లేదు. ఆగిపోయిన ఆటో సైలెన్సర్‌లోంచి బుడగలు తేలుతున్నాయి. నలుగురికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క గొడుగు. దానికీ ఒక ఊచ విరిగింది.

“ఎలిసినంక పోదాం తియ్” అన్నాడు వరంగల్ మిత్రుడు, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

“వెలిశాక వెళ్దాంలేరా, మొదటి అరగంటా సన్మానాలేగా” అంది రాజమండ్రి లెక్చరరమ్మ.

పాతబస్తీ దోస్తు మాత్రం ఏమీ అనలేదు. బేరర్ వైపు చూసి “దో మే చార్” అన్నాడు. రెండు చాయ్‌లు, నాలుగు కప్పుల్లో.

మా వానాకాలం మొత్తాన్ని కుదిస్తే ఆ మూడు మాటలే మిగులుతాయి. పదకొండేళ్లుగా ఇదే తంతు. మృగశిర కార్తె మొదలుకొని హస్త దాకా, పదిహేను రోజులకో శనివారం నలుగురం కలవాలి. ఎటైనా తిరగాలి, కలిసి తినాలి, వీలైతే నాటకం చూడాలి. లెక్కకు సీజనుకు ఎనిమిదో తొమ్మిదో శనివారాలు వస్తాయి. అందులో అనుకున్నది అనుకున్నట్టు జరిగినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా మానలేదు.

చలికాలం పెట్టుకోవచ్చుగా అని ఇళ్లల్లో ఏటా అడుగుతూనే ఉంటారు. చలికాలంలో మేం మా చేతుల్లో ఉండం. కార్తీక మాసం వనభోజనాలు, పెళ్లిళ్లు, సంక్రాంతికి ఊళ్లు, అమెరికా నుంచి దిగే పిల్లలు. ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. శ్రావణంలో పెళ్లిళ్లున్నా “వానలు కదండీ” అంటే సరిపోతుంది. ఏడాది మొత్తంలో ఎవరూ మమ్మల్ని దేనికీ పిలవని నెలలు ఇవే. స్నేహానికి మిగిలింది ఈ ముసురే.

హైదరాబాద్‌లో ఏడాదికి పడేది దాదాపు 80 సెంటీమీటర్లు. ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. కోనసీమవాళ్లకీ కొంకణంవాళ్లకీ ఇదొక వానలా అనిపించకపోవచ్చు. చిక్కల్లా అది పడే తీరుతోనే వస్తుంది. మధ్యాహ్నం దాకా ఎండ కాస్తుంది, నాలుగింటికి మొగులు పడుతుంది, ఐదింటికి ఊరంతా ఎక్కడిదక్కడ నిలబడిపోతుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. ఆనాడు బేగంపేటలో ఉన్నవాళ్లను కదిపితే ఇప్పటికీ ఎక్కడ నిలబడ్డారో, ఎవరింట్లో తలదాచుకున్నారో గుక్కతిప్పుకోకుండా చెబుతారు. కాబట్టి ఈ ఊళ్లో వానాకాలం షికారంటే ముందు ఎక్కడ ఆగుతామో చూసుకోవాలి. ఎక్కడికి వెళ్తామన్నది తర్వాతి సంగతి.

చాయ్ దగ్గర తొందర పడకూడదు

ఆగడానికి ఇరానీ హోటల్‌ను మించింది లేదు. ఇది మా దోస్తు సిద్ధాంతం. ఆయనకు పాతబస్తీలో మందుల దుకాణం ఉంది. రోజుకు ఏడెనిమిది చాయ్‌లు తాగుతాడు, షుగరు లేదు. అదెలాగో ఆ అల్లాకే తెలియాలి.

పర్షియా నుంచి బొంబాయి మీదుగా దక్కన్‌కు వచ్చిన కుటుంబాలు పెట్టిన హోటళ్లివి. ఇక్కడి చాయ్ మన ఇంటి టీలా పాలూ పొడీ కలిపి పొంగించేది కాదు. మూతపెట్టిన పెద్ద పాత్రలో డికాక్షన్ ఒకవైపు సన్న సెగన దమ్ మీద ఉంటుంది. పాలు ఇంకోవైపు గంటల తరబడి మరిగి చిక్కబడుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. పాలు కాస్త ఎక్కువ కావాలంటే “పౌనా” అనాలి. నిమిషంలో చేతికొచ్చే ఈ కప్పు వెనక గంటల కాపలా ఉంది. అందుకే దీన్ని గబగబా తాగేసి లేస్తే మర్యాదగా ఉండదు.

వాన పడుతున్నప్పుడు ఆ హోటల్‌ను కాస్త దగ్గరగా చూడాలి. గుమ్మంలో గోనెసంచి పరుస్తారు. అది ఐదు నిమిషాల్లో తడిసి చెప్పులకు అంటుకుంటుంది. టేబుల్ మీది పాలరాయిని బేరర్ ఒకే గుడ్డతో తుడుస్తాడు. అదే గుడ్డ మళ్లీ భుజం మీదికి వెళ్తుంది. చోటా సమోసాల ప్లేటు అడగకుండానే మన ముందుకొస్తుంది. ఎన్ని తిన్నామో అన్నిటికే లెక్క. గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు. ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం మొదలుపెట్టారంటారు గానీ దీని పుట్టుక మీద ఈ ఊళ్లో తలా ఒక కథ చెబుతారు. ఉప్పూ తీపీ రెండూ ఉన్న ఆ బిస్కెట్‌ను చాయ్‌లో ముంచాక మూడు లెక్కపెట్టేలోగా నోట్లో పెట్టుకోవాలి. నాలుగు దాటితే కప్పు అడుగున వెతుక్కోవాల్సిందే.

తెరిపి రోజున గంట కూర్చుంటే గల్లా దగ్గరున్నాయన ఓరగా చూస్తాడు. వాన రోజున చూడడు. వానలో ఎవర్నీ లేపకూడదన్న నియమం ఎక్కడా రాసిలేదు, నేను మాత్రం ఒక్కసారి కూడా తప్పగా చూడలేదు. పక్క టేబుల్ మనిషి పత్రికలో ఒక కాగితం మనకిస్తాడు. తడిసిన పిల్లాడెవడో వచ్చి మూల నిలబడితే కుర్చీ దొరుకుతుంది. మా వరంగల్ మిత్రుడు బ్యాంకు ఉద్యోగం వదిలేయాలా వద్దా అని మూడేళ్లు ఊగిసలాడాడు. ఆ కథ తేలింది ఇలాంటి చూరు కిందే. ఎంత ఫోన్లో మాట్లాడినా తేలనిది గంటన్నర జడివానలో తేలిపోయింది. లేచి వెళ్లే దారి లేకపోవడంతో ఆయన చెప్పక తప్పలేదు, మేం వినక తప్పలేదు.

శాలువాల వేళ

ఆ రోజు 6.50కి వాన వెలిసింది. వెళ్లేసరికి, లెక్చరరమ్మ చెప్పినట్టే, వేదిక మీద ఇంకా శాలువాలు కప్పుతున్నారు.

రవీంద్రభారతి 1961లో, టాగూర్ శతజయంతి ఏడాది తెరుచుకుంది. ఆ వేదిక మీద ఎన్ని నాటకాలు ఆడారో, ఎన్ని శాలువాలు కప్పారో లెక్క తీస్తే శాలువాలే గెలుస్తాయని నా అనుమానం. మామూలు రోజుల్లో ఆ సన్మానాల మీద నాకు చెడ్డ విసుగు. వాన రోజుల్లో అవే దైవంలా ఆదుకుంటాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు నాటకం మొదటి రంగం దక్కేది వాటి పుణ్యానే. పైగా తడిసి వచ్చి ఏసీలో వణుకుతుంటే, వేదిక మీద పెద్దమనిషి భుజాన మడత విప్పని రెండో శాలువా ఉంటే, మనసు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

వెయ్యి మంది పట్టే హాల్లో ఆ రోజు నూటయాభై మంది ఉన్నామేమో. “అందరూ ముందుకు రండి” అని మైకులో పిలిచారు. వెనక వరుసల్లోంచి లేచి వచ్చి, ఎవరి పక్కన ఎవరో తెలియకుండా మొదటి ఆరు వరుసల్లో సర్దుకున్నాం. తడిబట్టల వాసన, ఎవరి సంచిలోంచో మల్లెల వాసన. నా అభిప్రాయంలో నాటకానికి ఇంతకు మించిన ప్రేక్షకులు దొరకరు. నీళ్లలో పడి వచ్చినవాడు మధ్యలో లేచిపోడు, ఫోన్ చూసుకోడు. చూసుకుందామన్నా అది ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంటుంది. నవ్వాల్సిన చోట నూటయాభై మంది నవ్వితే వెయ్యి మంది నవ్వినట్టు వినపడింది. నటులకు అది తెలుస్తుంది. ఆ సాయంత్రం ముసలి తండ్రి వేషం వేసినాయన ఒక మాటకు అంత నవ్వు ఊహించలేదు. రెండు క్షణాలు ఆగి, గొంతు సవరించుకుని, అదే ఊపులో మిగతాది లాక్కెళ్లిపోయాడు.

తెలుగు నాటకానికీ వానాకాలానికీ చుట్టరికం ఇవాళ్టిది కాదు. గురజాడ ‘కన్యాశుల్కం’ విజయనగరంలో మొదటిసారి వేదికెక్కింది 1892 ఆగస్టులో. ఆ రోజు వాన పడిందో లేదో నాకు తెలియదు గానీ, ఆగస్టులో విజయనగరమంటే గొడుగులు లేకుండా ఎవరొచ్చి ఉంటారు?

నాటకమంటే రవీంద్రభారతి ఒక్కటే కాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉంది. అక్కడ నాటకం బాగోలేకపోయినా బయటికొస్తే మిర్చి బజ్జీలైనా బాగుంటాయి. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నుంచి నడుస్తోంది. పెద్ద బండరాళ్ల మధ్య ఆరుబయటి వేదిక, పక్కనే క్యాంటీన్. చినుకు పడితే ఆట లోపలికి మారుతుంది, నటులూ ప్రేక్షకులూ తలా ఒక కుర్చీ మోస్తారు. థియేటర్ అంటే సినిమా హాలేనన్నవాళ్లకు చిక్కడపల్లి పక్కనే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. అక్కడ మొదటాట వదిలే వేళకు వాన పట్టుకుంటే రెండో ఆటకు టికెట్ తీసుకున్న సందర్భం కూడా మాకుంది. అదే సినిమాకు.

బయట వాన, లోపల యమున

ఈ పదకొండేళ్లలో ఒక్క రాత్రిని ఏరుకోమంటే సురభి నాటకం చూసిన రాత్రినే ఏరుకుంటాను.

సురభి అన్నది ఊరి పేరు. కడప జిల్లాలో ఉంది. 1885లో అక్కడ వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడించడంతో ఆ కుటుంబ నాటక సమాజం మొదలైంది. తాతలు, కోడళ్లు, మనవలు అందరూ నటులే. ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. ఇతర సమాజాల్లో మగవాళ్లే చీరలు కట్టుకుంటున్న రోజులవి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో, 1932లో, లీలావతిగా కనిపించిన కమలాబాయి ఈ సురభి బిడ్డే. కుటుంబాలు పెరిగి పదుల కొద్దీ బృందాలయ్యాయి, సినిమా వచ్చి మళ్లీ వేళ్ల మీదికి దిగాయి. నాటక దర్శకుడు బి.వి.కారంత్ వాళ్లతో కూర్చుని బ్రెహ్ట్ నాటకాన్ని ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడించారు. బృందాన్ని దశాబ్దాల పాటు నడిపిన సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది. చాలా కుటుంబాలు ఇప్పుడు నగరం పడమటి కొసన, లింగంపల్లి దగ్గర ఉంటున్నాయి.

వానంటే గిట్టని కళ ఏదైనా ఉంటే అది డేరా నాటకమే. ఊరూరా తిరిగి పందిరి వేసి, రంగుల తెరలు వేలాడదీసి ఆడేవాళ్లకు నాలుగు రోజులు ముసురు పడితే నాలుగు రోజులూ పొయ్యి వెలగదు. తెర తడిస్తే రంగు కారుతుంది. కరువు సీమలో పుట్టిన ఈ సమాజానికి వానొస్తే సంతోషించే వీలు కూడా లేదు. నేల తడవాలి, పందిరి తడవకూడదు.

ఆ రాత్రి మేం చూసింది ‘శ్రీకృష్ణ లీలలు’. హాలు పెద్దది కాదు, పైన రేకుల కప్పు. నాటకం మొదలైన పావుగంటకు వాన అందుకుంది. రేకుల మీద వాన ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. కంసుడు గొంతు చించుకుంటున్నాడు, మాకు చేతులు ఊపడమే కనిపిస్తోంది. హార్మోనియం ఆయన ఇంకో స్థాయి పైకెత్తుకున్నాడు. కంసుడూ ఎత్తాడు. వాన కూడా ఎత్తింది.

అప్పుడొచ్చింది చెరసాల రంగం. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, సంకెళ్లు ఊడి పడ్డాయి. వసుదేవుడు బుట్ట నెత్తికెత్తుకుని బయటికొచ్చాడు. వెనక తెర మీద యమున. లోపలెవరో రేకు ఊపి ఉరుము పుట్టించారు, దీపం ఆర్పి వెలిగించి మెరుపు చూపించారు. సరిగ్గా ఆ క్షణాన బయట నిజంగా ఉరిమింది. హాలంతా ఒక్కసారి “ఆ...” అని, ఆ వెంటనే చప్పట్లు. ఎవరికి కొడుతున్నామో మాకే తెలియదు. వసుదేవుడు పద్యం ఎత్తుకున్నాడు. ఒక్క ముక్క వినపడలేదు, ఒక్కడూ కదల్లేదు. నీలం గుడ్డల అలలు రెండుగా చీలి దారి ఇచ్చాయి. బుట్ట మీద ఆదిశేషు పడగ, తీగ మీద కొద్దిగా వణుకుతూ, గొడుగు పట్టింది.

లెక్చరరమ్మ నా చెవిలో “మనకంటే ఆయన నయం, గొడుగు ఊచలన్నీ బాగున్నాయి” అంది.

విశ్రాంతిలో వేదిక పక్కకు వెళ్లి చూశాను. ఆదిశేషును ఆడించిన కుర్రాడు తీగ చుడుతున్నాడు, పదహారేళ్లుంటాయేమో. ఇందాకటి దేవకి మూల కూర్చుని పసిపిల్లకు అన్నం తినిపిస్తోంది. ఇద్దరు పెద్దవాళ్లు కప్పు కేసి చూస్తూ, ఎక్కడెక్కడ కారుతోందో వేలితో చూపించుకుంటూ, యమున తెరను రెండడుగులు ఎడమకు జరిపారు. మాకు అద్భుతం, వాళ్లకు లీకేజీ. ఆట అయ్యాక బయటికి పోయే దారి లేక గంటసేపు అక్కడే ఉన్నాం. మేకప్ కడుక్కున్న కంసుడు మాతోపాటు చూరు కింద నిలబడి, గొంతు పోయిందని సైగలతోనే మాట్లాడాడు.

వికారాబాద్ నుంచి నయాపూల్ దాకా

తిరగడం మాటకొస్తే మా చరిత్ర అంత గొప్పది కాదు. ఒక జులైలో అనంతగిరి కొండలకు బయల్దేరాం. వికారాబాద్ దగ్గర, ఊరి నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. అడవి, పద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టిన చోటు. చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్లు వందల కొద్దీ ఉంటాయి. రోడ్డు వెడల్పు పనుల్లో వాటిని కొట్టనీయకుండా ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. ఆ మర్రుల కింద మాకు వాన అడ్డం పడింది. ముందు అద్దం మీద తుడిచే పుల్లలు చేతులెత్తేశాయి. కారు పక్కకు ఆపి “వెలిశాక వెళ్దాంలే” అనుకున్నాం.

రెండు గంటలు వెలవలేదు. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర అక్కడే అయిపోయింది. మధ్యలో ఓ పెద్దాయన నెత్తిన యూరియా సంచి కప్పుకుని, మక్క కంకుల గంప మీద పట్టా కప్పి వచ్చాడు. బొగ్గులు తడిసిపోయాయి, కాల్చే వీల్లేదు. పచ్చివే ఒలిచి తినమన్నాడు. పాలు గట్టిపడీ పడని గింజలు. నలుగురం గొడ్డళ్లు మరిచిన కట్టెలవాళ్లలా కూర్చుని ఎనిమిది కంకులు నమిలేశాం. అనంతగిరి మాత్రం చూడకుండానే వెనక్కి తిరిగాం.

ఆ వారంలోనే గండిపేట చెరువు, అదే ఉస్మాన్‌సాగర్, గేట్లు ఎత్తారని వార్త. పోయి చూశాం. అనంతగిరి మీద పడిన నీళ్లే మూసీగా పారి ఉస్మాన్‌సాగర్‌కు చేరతాయి. మేం చూడలేకపోయిన కొండ మీది వాన మమ్మల్ని వెతుక్కుంటూ ఊళ్లోకే వచ్చిందన్నమాట. పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు. అది దగ్గరపడితే చాలు, నగరవాసులకు ఎక్కడలేని హుషారు. కట్ట కింద నురగలు, దూరంగా ఆపేసే పోలీసులు, ఆపిన చోటే వెలిసే కంకుల బండ్లు. అక్కడి గాలికే మా గొడుగు తిరగబడింది. సరిచేస్తుంటే ఒక ఊచ ఠక్కున విరిగింది.

ఆ చెరువు ఎందుకు పుట్టిందో మా దోస్తు పాతబస్తీలో చూపించాడు. నయాపూల్ దగ్గర ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగినప్పుడు, నూటయాభై మంది ఈ చెట్టెక్కి బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ చెట్టు కింద నిలబడితే పైనుంచి చుక్కలు రాలుతున్నాయి. మా దోస్తు రుమాలు నెత్తిన వేసుకుని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత “చలో, ఆకలి” అన్నాడు.

అంటే వానాకాలంలో నీళ్ల దగ్గరికి పోవడం సరదా వ్యవహారమే గానీ దాని హద్దు దానికుంది. కట్ట మీంచి చూడొచ్చు. పారే కాజ్‌వే మీద కారు దింపేవాడితో మాత్రం నేను ఎక్కడికీ రాను, వాడు ఎంత స్నేహితుడైనా సరే. రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినప్పుడు “లోతు ఎంతుంటుందిలే” అన్నవాడి కారును మేమే తోసుకొచ్చిన అనుభవం ఒకటుంది. ఆ కారు నాదే కాబట్టి ఇంతకంటే చెప్పను. అప్పటినుంచి నాటకానికైతే మెట్రో, లింగంపల్లి వైపైతే ఎంఎంటీఎస్. తోలు చెప్పులు ఇంట్లోనే.

బోడకాకర మీద బేరం

ఇక తిండి. మృగశిర రోజు చేపలు తినాలన్నది తెలంగాణలో చట్టంతో సమానం. ఆ ఉదయం చేపల మార్కెట్లో బేరమాడేవాడు అమాయకుడు. మా సీజను అక్కడే, వరంగల్ మిత్రుడి ఇంట్లో చేపల పులుసుతో మొదలవుతుంది. ఆయన భార్యను మేం వదినె అంటాం. ఆవిడ మక్క గారెలు చేసే రోజు ముందే మెసేజ్ పెడుతుంది. పచ్చి గింజలను రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పచ్చిమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి వేసి తట్టి నూనెలో వేస్తే బయట కరకర, లోపల తియ్యగా ఉంటాయి. మిక్సీలో వేస్తే పిండి మెత్తబడి నూనె పీలుస్తుంది, గారెల బదులు స్పాంజీ తిన్నట్టుంటుంది. నేను మా ఇంట్లో రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ మిక్సీ వాడి, ఈ జ్ఞానం సంపాదించాను.

“అన్నా, ఇంకో నాలుగు ఏసుకో, సల్లారితే బాగుండయ్” అంటుంది వదినె. చల్లారే ప్రమాదం మా దగ్గర ఎప్పుడూ రాలేదు.

తొలకరికి చింతచిగురు వస్తుంది. అది మాంసంలో పడ్డాక ఇక మాటలుండవు. ఆ తర్వాత బోడకాకర, మా లెక్చరరమ్మ భాషలో ఆగాకర. అడవిలో దానంతటది కాసే ఈ ముళ్ల కాయ కిలో ధర కొన్నిసార్లు కోడిమాంసాన్ని దాటుతుంది. “మా చిన్నప్పుడు కంచె మీంచి కోసుకునేవాళ్లం” అని అనడం, అన్నాక అరకిలో కొనడం ఏటా జరిగే క్రతువు. గింజ ముదరకముందే చక్రాల్లా కోసి, సన్నమంట మీద వేయించి, చివర్లో వెల్లుల్లి కారం చల్లితే చాలు. గరం మసాలా వేసేవాళ్లతో నాకు మాటల్లేవు.

రాజమండ్రి పక్షం వాళ్ల ఆయుధం పులస. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీది వచ్చే చేప. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత చెప్పి ఆవిడ మమ్మల్ని పదేళ్లు ఊరించింది. ఒకసారి వాళ్ల అన్నయ్య మట్టి దాకలో వండిన పులుసు రాత్రి బస్సులో పంపించారు. పులస పులుసు మర్నాటికే రుచి పట్టాలి, ప్రయాణం దానికి మేలే చేసింది. బెండకాయ ముక్కలు కూడా చేప రుచికొచ్చాయి. ముళ్లు మాత్రం అసాధ్యం. వరంగల్ మిత్రుడు పది నిమిషాలు మౌనంగా తిని, “మంచిగనే ఉంది గని పుస్తెలమ్మేటంత ఏం లేదు” అన్నాడు. మర్నాటి దాకా ఆవిడ మా గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టలేదు.

రాత్రి తిండి అయ్యాక మాదొక పిచ్చి అలవాటు. మోజంజాహి మార్కెట్‌కు వెళ్లి ఐస్‌క్రీం తింటాం. 1935 నాటి రాతి కట్టడం, గడియారపు గోపురం, ఆ వంపు కింద చూరు నుంచి ధారగా నీళ్లు. వానలో ఐస్‌క్రీం ఏమిటని ఇంట్లో పిల్లలు నవ్వుతారు. ఎండాకాలంలో తినడం ఎలాగూ అందరూ చేసేదే, అది కరగకముందే పరుగెత్తాలి. ముసురులో తింటే ఎంతసేపైనా గట్టిగానే ఉంటుంది. హస్త కార్తె నాటికి సీతాఫలాలు దిగుతాయి. సీతాఫలం ఐస్‌క్రీంతో మా సీజను ముగుస్తుంది.

ఈసారి ఆ చివరి శనివారం కూడా అయింది. ఇంటికొచ్చి చూస్తే గొడుగు లేదు. ఎక్కడ వదిలామని గ్రూపులో అడిగితే మూడు జవాబులొచ్చాయి, మూడు వేర్వేరు చోట్లు. అనుమానం కొద్దీ ఆదివారం పొద్దున లక్డీకాపూల్ హోటల్‌కు వెళ్లాను. గల్లా దగ్గరున్నాయన నా మాట పూర్తికాకుండానే వంగి, కౌంటర్ కింది నుంచి గొడుగుల కట్ట తీసి ముందు పడేశాడు. పది పన్నెండుంటాయి, ఒక్కటి తప్ప అన్నీ నల్లవే. ఈ నాలుగు నెలల్లో అక్కడ చాయ్ తాగి, వాన వెలిశాక మరిచిపోయి వెళ్లినవాళ్లవి.

“ఏది మీది?”

నాకు తెలియలేదు. తటపటాయిస్తుంటే ఆయనే ఒకటి లాగి చేతిలో పెట్టాడు. బయటికొచ్చి విప్పాను. ఊచలన్నీ బాగున్నాయి. లోపలికి వెళ్లి, ఇది కాదని చెప్పి, మార్చుకున్నాను.